కంబళి మీద అడిగిన మాట

ఉడుమలైపేటలో టౌను బస్సెక్కి, కిటికీలోంచి కొబ్బరితోటలు తప్ప ఇంకేమీ కనపడని చోట దిగితే అదే నల్లకంబళిపట్టి. ఆ ఊళ్ళో కొబ్బరిచెట్లకన్నా పొడుగైనవి రెండే ఉన్నాయి. ఒకటి ఊరిపెద్ద అళగిరిసామి నాయకర్ మీసం. రెండోది ఆయన చెప్పే ఊరి చరిత్ర. కొన్ని వందల ఏళ్ళ కిందట తెలుగునేల విడిచి దక్షిణానికి నడిచొచ్చినప్పుడు పెద్దలు వెంట తెచ్చుకున్నవి ఆవులు, మాట, ఒక నల్లకంబళి అని ఆయన అంటాడు. ఆవులు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. మాటలో సగం అరవం కలిసింది, నొక్కి చెప్పాల్సిన చోటల్లా 'దా' వచ్చి చేరింది. కంబళి మాత్రం అట్లాగే ఉంది. అది చిరిగినప్పుడల్లా కొత్తది నేయించారని గిట్టనివాళ్ళు అంటారు గానీ, పళ్ళన్నీ ఊడి కొత్తవి కట్టించుకున్నా తాత తాతే కదా.

ఊళ్ళో ఏ తగవొచ్చినా ఆ కంబళి పరిచి, నడుమ వేపమండ వేసిన నీళ్ళచెంబు పెట్టి, దానిమీద కూర్చునే తీర్చాలి. దానిమీద అబద్ధమాడినవాడికి మీసం ఒక పక్కే పెరుగుతుందట. ఒకడు ఆ భయంతో మీసమే తీయించుకుని వచ్చి కూర్చుంటే కనుబొమ్మ రాలిపోయిందట. ఈ కబుర్ల మాట ఎట్లా ఉన్నా కట్టుబాట్లు మాత్రం గట్టివి. కంబళి మీద పడిన మాటను మళ్ళీ కంబళి మీదే మార్చాలి. దానిమీద ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు చెప్పకుండా కంబళి మడవకూడదు. ఇంట్లో మగదిక్కు ఉన్నన్నాళ్ళు ఆడది అంచు బయట నిలబడాలి. మగదిక్కు లేని ఇంటిదైతే వచ్చి కూర్చోవచ్చు. ఈ చివరి కట్టుబాటును వాడుకున్న ఆడది ఆ ఊళ్ళో అప్పటిదాకా లేదు.

సెల్లమ్మాళ్ ఆ ఊళ్ళో కొబ్బరాకు అల్లుతుంది. ఎండిన మట్టను నిలువునా చీల్చి, నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక ఆకూ ఆకూ కలిపి తడికలు అల్లడం ఆమె పని. పెళ్ళి పందిళ్ళకు, పశువుల పాకలకు వాటినే కొనుక్కుపోతారు. చేతులు వాటంతట అవే పోతుంటాయి కాబట్టి నోటికి తీరిక. ఆమె నోరు విప్పిందంటే ఆకుల అడుగున తేలు కూడా సంసారం సర్దుకుని పక్క తోటకు పోతుందని ఊళ్ళో అంటారు. అటువంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఏళ్ళ తరబడి నోరు మూసుకుని ఉంది.

ఆమెకు ఒక్కడే కొడుకు, బాలమురుగన్. పుట్టినప్పుడు ఊరంతా ఆడపిల్ల అనుకుంది. బిడ్డ మాత్రం ఒక్కనాడూ అట్లా అనుకోలేదు. పదో తరగతి అయ్యాక జుట్టు కత్తిరించుకుని, చొక్కా తొడుక్కుని, బాలమురుగన్ అని తనకు తానే పేరు పెట్టుకున్నాడు. ఇటువంటివాళ్ళను అరవంలో తిరునంబి అంటారని తల్లికి అతనే నేర్పాడు. ఆమె మూడు దినాలు కూడు తినలేదు. నాలుగో నాడు లేచి, "సరి, ఆ చొక్కాకి గుండీ ఊడింది, ఇటియ్యి" అంది.

ఊరు అంత తొందరగా గుండీ కుట్టలేదు. కంబళి పరిచారు. కోదండరామన్, అంటే సెల్లమ్మాళ్ మొగుడు, దానిమీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె అంచు బయట నిలబడింది. పెద్దలు అడిగినదానికి కోదండరామన్ ఒక్క మాటా చెప్పలేదు. చెప్పకపోవడం ఒప్పుకోవడమే అన్నారు. ఆ పేరుతో, ఆ వేషంతో ఊరి పొలిమేర దాటి రాకూడదని తేల్చి కంబళి మడిచేశారు. బాలమురుగన్ ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

ఇప్పుడు అతను కోయంబత్తూరులో, గాంధీపురం వెనక సందులో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే పనిలో ఉన్నాడు. అతను చుట్టిన మోటారు తుఫానొచ్చినా ఆగదని పేరొచ్చింది. దాంతో నల్లకంబళిపట్టి రైతులకు పెద్ద చిక్కొచ్చి పడింది. మనిషి ఊళ్ళోకి రాకూడదు; పంపుసెట్టు ఆగకూడదు. అందుకని మోటార్లను గోనెసంచుల్లో కట్టి బస్సులో గాంధీపురానికి మోసుకుపోయి, చుట్టించుకుని, మళ్ళీ మోసుకొచ్చేవారు. ఎవరిని అడిగినా "టౌనులో ఎవరో అబ్బి చేసిచ్చినాడు" అనేవారు. ఒకసారి ఒకే బస్సులో నలుగురు నాలుగు సంచులతో ఎక్కి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉడుమలైపేట దాకా ఆకాశం చూస్తూ కూర్చున్నారట.

కోదండరామన్ పోయినప్పుడు బాలమురుగన్ వచ్చాడు. పొలిమేర అవతల, రోడ్డుకు అడ్డంగా ఉన్న కాలవగట్టు మీద నిలబడ్డాడు. తండ్రిని మోసుకుపోతుంటే అక్కడినుంచే చూశాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. సెల్లమ్మాళ్ ఆ గట్టు వైపు చూసిన చూపు ఇప్పటికీ ఆమె కళ్ళలోంచి దిగలేదు. ఆ ఏడాది గడిచాక ఆమె అళగిరిసామి నాయకర్ ఇంటికి వెళ్ళింది. వరసకు ఆయన మామ.

"మామా, కంబళి పరవండి. నా కొడుకు సంగతి మళ్ళ అడగాల."

"ఈ నెల అమావాస్య ఉండాది అమ్మిణీ."

"అమావాస్య ప్రతి నెలా దా ఉండాది."

"అదే దా నేనూ చెప్తా ఉండాను."

ఆ తరువాత కోతలన్నాడు. ఆ తరువాత మోకాలి నొప్పి అన్నాడు. లోపలినుంచి ఆయన భార్య కమలమ్మాళ్ గొంతు వినపడింది.

"కంబళి అటక మీద ఉండాది సెల్లమ్మా. అది దింపాలంటే నిచ్చెన ఎక్కాల. ఈయనకి ఇప్పుడు మంచం ఎక్కేదే యుద్ధం."

"నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తకుండా!" అన్నాడు నాయకర్.

"నేను సుమ్మానే దా ఉండాను. కంబళి కూడా సుమ్మానే ఉండాది."

నవ్వొచ్చింది గానీ సెల్లమ్మాళ్ నవ్వలేదు. కంబళి పరిస్తే ఆమె కూర్చోగలదు, మగదిక్కు లేని ఇల్లు కాబట్టి. ఆ సంగతి నాయకర్‌కూ తెలుసు. అందుకే పరవడం లేదు. తాళం వేసిన గుడి ముందు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డట్టు అయింది ఆమె పని.

"నాకు ఆ ఊరే వొద్దమ్మా. నువ్వు దా ఇక్కడికి వచ్చేయి" అంటాడు బాలమురుగన్ ఫోనులో. అట్లా అన్నవాడే, ఫోను పెట్టేముందు బావి పక్కన మామిడి పూత పట్టిందా అని అడుగుతాడు. వాడికి ఏం కావాలో తల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు. తన ఇంట్లో, తన పీట మీద కూర్చుని వాడొక పూట తినాలి. ఆమెకూ అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఒక ఆదివారం ఆమె గాంధీపురం పోయినప్పుడు బాలమురుగన్ ఒక బట్టలకొట్టు మేడ మీదికి తీసుకుపోయాడు. ఒక గది, పాతికమంది దాకా మనుషులు, టీ. మాట్లాడుతున్నవాడి పేరు యేసుదాస్. పగలంతా కొరియర్ సంచి మోసి, సాయంత్రాలు బాలమురుగన్ లాంటివాళ్ళను కూడగట్టే పని చేస్తాడు. కోయంబత్తూరులోనే పుట్టిన క్రైస్తవుల బిడ్డ, ఇంట్లో మాట తెలుగే. సెల్లమ్మాళ్‌కు కుర్చీ వేసి, పక్కనే గొంతుకూర్చున్నాడు.

"అత్తా, ఇది దేశానికి పంచాయితు. జెనీవా అని ఒక ఊరు ఉండాది. అక్కడ ఒక్కో దేశాన్నీ వరసగా పిలిచి, మీ జనాల్ని ఎట్ల చూసుకుంటా ఉండారు అని అడుగుతారు."

"ఎవరు అడిగేది?"

"మిగతా దేశాలు దా."

"మన దేశాన్ని కూడానా?"

"అందరినీ దా. పెద్దా చిన్నా లేదు."

"అడిగినదానికి చెప్పాలనా, లేకుంటే మోకాలు నొప్పి అంటే విడిచిపెడతారా?"

యేసుదాస్‌కు ఆ మోకాలు ఎవరిదో తెలియదు. అయినా నవ్వాడు. "చెప్పాల. ఇది ఒప్పుకుంటాం, ఇది చూస్తాం అని. ఆమీద నాలుగైదేండ్లకి మళ్ళ పిలిచి, పోయిన తూరి ఒప్పుకున్నదేమి, చేసిందేమి అని అడుగుతారు."

సెల్లమ్మాళ్ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "మళ్ళనా?"

"మళ్ళ."

"ఒకసారి తేల్చేస్తే అయిపోయిందని మడిచి అటక మీద పెట్టరా?"

"పెట్టరు అత్తా. మళ్ళ మళ్ళ అడిగేదే దాని పని. సర్కారు తన మాట తాను చెప్పుకుంటాది. మన మాట కూడా అక్కడికి పోవాల గద. అందుకు దా జనాల్ని కూర్చోబెట్టి వింటా ఉండాము. తిరునంబి, మగబిడ్డ అనుకుంటే ఆడదైన తిరునంగై, ఆడపిల్లని కోరుకున్న ఆడపిల్ల, మగవాణ్ణి కోరుకున్న మగవాడు, వాళ్ళ అమ్మ అబ్బ. ఇంట్లో ఏం జరిగింది, ఆసుపత్రిలో ఏం జరిగింది, ఊళ్ళో ఏం జరిగింది. ఎవరికి వారు చెప్పింది కూర్చి పంపిస్తాము. వచ్చే నెల పెద్ద కూట్టం, అందరూ చేరే సభ. నువ్వు మాట్లాడతావా?"

ఆమె మనసు అటక మీదికి పోయింది. అంత పెద్ద దేశం, జెండాలూ రైళ్ళూ సైన్యమూ ఉన్న దేశం, పోయి నలుగురి ముందు కూర్చుని జవాబు చెప్పుకుంటోంది. మోకాలు నొప్పి పెట్టుకున్న ఒక మీసం మాత్రం ఒక్కసారి చెప్పి అటక ఎక్కి కూర్చుంది! టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ కూట్టం ఎట్ల మొదలు పెడతారు?"

"ఎవరైనా పెద్దమనిషి రెండు మాటలు చెప్తారు."

"మా ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉండాడు నాయనా. అడిగేదెట్ల, చెప్పేదెట్ల అని ఆయన్ని మించి తెలిసినవాళ్ళు లేరు. పోయి పిలువు. కంబళి తెమ్మని చెప్పు. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు."

బాలమురుగన్ తల్లిని అనుమానంగా చూశాడు. "అమ్మా, ఏం చేస్తా ఉండావు నువ్వు?"

"ఆకు నానబెడతా ఉండాను కన్నా."

యేసుదాస్ ఊరికి వచ్చాడు. ఉన్నదున్నట్టే చెప్పాడు, ఎవరి కోసం సభ, ఏ జనాల మాట, ఎక్కడికి పోతుంది అన్నీ. అళగిరిసామి నాయకర్ చెవిలో జెనీవా అన్న మాట పడ్డాక మిగతా మాటలకు చోటు మిగల్లేదు.

"కంబళి మీద పంచాయితు ఎట్ల జరుగుతాదో మీరు చూపించాలంగ" అన్నాడు యేసుదాస్ మర్యాదగా.

"జెనీవావాళ్ళకి కూడా తెలియాల్సిందే దా" అన్నాడు నాయకర్, మీసం మీద చెయ్యేసి.

మధ్యాహ్నం టీకొట్టు దగ్గర ఆయన్ని జెనీవా పిలిచిందన్నారు. సాయంత్రానికి విమానం టిక్కెట్టు వచ్చిందన్నారు. పొద్దుగూకేసరికి అక్కడ మంచు కాబట్టి కంబళి తెమ్మన్నారట అని తేలింది. నిచ్చెన ఎవరు పట్టుకున్నారో తెలియదు గానీ, మోకాలు నొప్పి మనిషి అటక మీదికి పిల్లిలా ఎక్కాడని కమలమ్మాళ్ ఆ తరువాత అందరికీ చెప్పింది.

కూట్టం రోజు ఊరిపెద్ద వైభవం చూడటానికి ఊళ్ళోవాళ్ళు ఒక వ్యాను నిండా బయల్దేరారు. కంబళికి కిటికీ పక్క సీటిచ్చారు. కొబ్బరికాయల వ్యాపారి సత్యరాజ్‌కు సీటు చాలక దారంతా నిలబడాల్సి వచ్చింది. సెల్లమ్మాళ్ వెనక సీటులో, చీర కొంగు కప్పుకుని, నోట్లో తమలపాకు ఉన్నదానిలా మౌనంగా కూర్చుంది.

గాంధీపురం బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జి మేడమీది హాలు. కింద బస్సుల హారన్లు, పైన ఫ్యాన్ల చప్పుడు. రకరకాల మనుషులు వచ్చారు. పూలు పెట్టుకున్నవాళ్ళు, గడ్డం పెంచినవాళ్ళు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ఇద్దరు నర్సులు, కొడుకు ఫోటో తెచ్చుకున్న ఒక తండ్రి. వాళ్ళను చూసి వ్యానులోవాళ్ళు కొంచెం బిగుసుకున్నారు. నాయకర్ చూడనే లేదు. ఆయన చూపు మైకు మీద ఉంది.

వేదిక ముందు కంబళి పరిచాడు. చెంబు పెట్టాడు. వేపమండ వేశాడు. మైకు పట్టుకుని, పెద్దలు నడిచొచ్చిన దారి, దాటిన ఏరు, ఆ ఏరు ఆ పొద్దు రెండుగా చీలి కంబళికి దారిచ్చిన వైనం చెప్పాడు. కాన్వెంటు బడిలో చదివినవాళ్ళకు ఆ ఏరు ఎక్కడో విన్నట్టే అనిపించి ఉంటుంది. తరువాత కట్టుబాట్లు చెప్పాడు. "దీనిమీద అడిగిన మాటకి జవాబు చెప్పకుండా దీన్ని మడిచిన నాయకర్ మా వంశంలో ఇంగా పుట్టలేదు!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా వ్యానులోవాళ్ళు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే సెల్లమ్మాళ్ లేచింది. చెప్పులు విడిచింది. నడిచొచ్చి కంబళి మీద, చెంబుకు ఎదురుగా కూర్చుంది.

నాయకర్ మైకు పక్కకు పెట్టి వంగాడు. "అమ్మిణీ, ఇది చూపించేకి పరిచింది. వేడుకకి."

"ఆ సంగతి కంబళికి చెప్పినారా మామా?"

మూడో వరసలో కూర్చున్న బాలమురుగన్ కుర్చీ అంచుకు జరిగాడు. యేసుదాస్ లేవబోయి, ఏదో అర్థమై, కూర్చున్నాడు.

"నేను కోదండరామన్ పెండ్లాన్ని" అంది సెల్లమ్మాళ్. మైకు లేకుండానే హాలు చివరిదాకా వినపడింది. "నా ఇంట్లో మగదిక్కు లేదని మీరంటారు. ఉండాడని నేనంటాను. మీ లెక్క ప్రకారమే నాకు ఇక్కడ కూర్చునే హక్కు ఉండాది. ఆ పొద్దు మీరు నా కొడుకుని ఊళ్ళోకి రావొద్దన్నారు. వాడు ఎవరి కొట్టంలో గడ్డి దొంగిలించలేదు. ఎవరి బిడ్డ మీద చెయ్యి వెయ్యలేదు. వాళ్ళ అబ్బ పోతే కాలవ గట్టున నిలబడినాడు. నీళ్ళు తాగినావా అని ఒక్కరూ అడగలేదు. నేను అడిగేది ఒక్కటే. నా ఇంటికి నా కొడుకు ఎందుకు రాకూడదు? జవాబు చెప్పి కంబళి మడవండి."

నాయకర్ కంబళి వైపు చూశాడు, జనం వైపు చూశాడు, తను వదిలేసిన మైకు వైపు చూశాడు. కుడితిలో పడ్డ ఎలుకకైనా ఈదడానికి నాలుగు కాళ్ళుంటాయి.

"ఊరు లేదు గద ఇక్కడ" అన్నాడు చివరికి.

"వ్యాను నిండా తెచ్చినారు మామా."

వెనకనుంచి సత్యరాజ్ లేచాడు. "ఇది కట్టుబాటు కాదు పెద్దనాయనా. ఇంత మందిని పెట్టుకొని ఊరు సంగతి తేల్చేది ఏంది? ఒకసారి చెప్పింది చెప్పిందే దా!"

"ఆ పొద్దు ఎంతమంది ఉండిరి?" అని అడిగాడు నాయకర్, తిరగకుండానే.

"ఆ పొద్దు... ఇంతే ఉంటిమి."

"అట్లంటే చెప్పులిడిచి ఇట్లొచ్చి కూర్చొని చెప్పు. నిలబడి చెప్పేది బస్టాండులో దా."

సత్యరాజ్ చెప్పులు చూసుకున్నాడు. అతని మోటారు అప్పుడు సరిగ్గా బాలమురుగన్ పనిచేసే చోట, తీగలు ఊడదీసిన పేగుల్లా బయటపడి ఉంది. అతను కూర్చున్నాడు, కుర్చీలోనే.

అప్పుడు బాలమురుగన్ లేచాడు. పెద్దగా తొందరేమీ పడలేదు. వచ్చి తల్లి పక్కన, మగవాళ్ళు కూర్చునే తీరులో బాసింపట్టు వేసి కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని అతనికి ఎవరూ చెప్పలేదు, లెమ్మని కూడా ఎవరూ అనలేదు.

"తాతా, నేనూ ఒకటి అడగాల" అన్నాడు. "ఆ పొద్దు మాట్లాడింది నా సంగతి. మా అబ్బని కూర్చోబెట్టినారు. మా అమ్మని నిలబెట్టినారు. నన్ను మాత్రం ఇంట్లో పెట్టి తలుపేసినారు. నన్నెందుకు పిలవలేదు?"

అళగిరిసామి నాయకర్ ఈ ప్రశ్నకు సిద్ధంగా లేడు. తల్లి అడిగినదానికి ఎట్లో ఒకట్లా చుట్టి చెప్పగలడు. పంచాయితీలు చేసి పండిపోయినవాడు. కానీ ఆయన జీవితంలో పట్టుకున్నది ఒకే ఒక్క గర్వం, కట్టుబాటు తప్పలేదని. ఎవరి తగవైతే వాళ్ళను కూర్చోబెట్టి వినడం అన్నిటికన్నా మొదటి కట్టుబాటు. అంత మొదటిది కాబట్టే ఇందాక మైకులో కూడా చెప్పలేదు, చెప్పాల్సిన పనే లేదనుకున్నాడు. ఆయన మెల్లగా చెప్పులు విడిచి, మోకాలి మీద చెయ్యేసి, నిజంగానే నొప్పి పుడుతుండగా, వాళ్ళకెదురుగా కూర్చున్నాడు.

చెంబులో వేపమండను సర్దాడు.

"పిలిస్తే నీ మాట వినాల్సి ఉండును" అన్నాడు. "వింటే అట్ల తేల్చేకి అయ్యుండదు. ఆ భయం దా."

హాల్లో ఎవరో ముక్కు చీదారు. కొడుకు ఫోటో తెచ్చుకున్న తండ్రి కావచ్చు.

"ఆ పొద్దు కంబళి వంకరగా పరిచినాము" అన్నాడు నాయకర్, ఇప్పుడు గట్టిగా. "వంకరగా పరిచిన దానిమీద పడిన మాట నిలవదు. కోదండరామన్ కొడుకు బాలమురుగన్ వాళ్ళ ఇంటికి రావొచ్చు, పోవొచ్చు, ఉండొచ్చు. నీళ్ళు వద్దనేవాళ్ళు నా ఇంటికొచ్చి నాతో అనండి."

"మరి పండగలో మగవాళ్ళ ఆటకి వాడు వాళ్ళ వరసలో నిలబడేది?" అంది సెల్లమ్మాళ్ వెంటనే.

"అమ్మిణీ! ఒకే తూరి అంతా అడిగితే ఎట్ల? అది వచ్చే పంచాయితులో."

"ఎప్పుడు?"

"జెనీవాలో నాలుగైదేండ్లకి ఒకసారి అన్నాడు గద ఈ పిల్లోడు..."

"మామా!"

"సరి, సరి. వచ్చే ఏడు."

అందరూ నవ్వారు. బాలమురుగన్ మాత్రం నవ్వలేదు. రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. తల్లి అతని వీపు మీద చెయ్యి వేసింది, అక్కడే ఉంచింది.

ఆ తరువాత ఎవరూ చెప్పకుండానే జనం చెప్పులు విడిచి ఒక్కొక్కరే వచ్చి ఆ కంబళి మీదే కూర్చుని తమ మాట చెప్పారు. చెయ్యి చెయ్యి పట్టుకున్న నర్సులు తమకు అద్దె ఇల్లు దొరకని సంగతి చెప్పారు. పూలు పెట్టుకున్న ఒకామె ఆసుపత్రిలో ఏ వార్డులో పడుకోబెట్టాలో తెలియక వరండాలో ఉంచిన సంగతి చెప్పింది. ఫోటో తెచ్చుకున్న తండ్రి, కొడుకు ఎక్కడున్నా ఇంటికి రమ్మని చెప్పాడు. యేసుదాస్, అతని మిత్రులు రాసుకున్నారు. నాయకర్ లేవలేదు. కంబళి మీద అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఇవి ఆయన చెప్పగలిగినవి కావు. మధ్యాహ్నం దాటాక ఆయనకు కంగారు పుట్టింది.

"వీటికంతా ఎవరప్పా చెప్పేది? నేను కంబళి ఎట్ల మడిచేది?"

"అవి అక్కడికి పంపిస్తామంగ. దేశం వెళ్ళి కూర్చున్నప్పుడు అడుగుతారు" అన్నాడు యేసుదాస్.

"అక్కడ దేనిమీద కూర్చుంటారు?"

"కుర్చీల మీద దా."

నాయకర్ పెదవి విరిచాడు. "కుర్చీ మీద కూర్చుంటే మీసానికి భయం ఏముంటాది?" అని, కాసేపు ఆలోచించి, "సరి. వినినవాళ్ళు వినినామని రాసి పంపండి. మా ఊరు ఒకదానికి జవాబు చెప్పింది, మిగతావాటికి దేశాన్ని అడగమన్నదని కూడా రాయండి. అళగిరిసామిలో ళ సరిగా పెట్టండి" అన్నాడు.

వ్యాను తిరిగి బయల్దేరేటప్పుడు బాలమురుగన్ మెట్ల దగ్గర ఆగిపోయాడు. "రేపు వస్తాను అమ్మా. ఈ పొద్దు పని ఉండాది" అన్నాడు. పని లేదని అందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలబడితే మనిషికి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది.

ముందు సీటులోంచి కమలమ్మాళ్ తల బయటపెట్టింది. ఆమె కూడా వచ్చిందని, పొద్దుటినుంచీ నోరు విప్పలేదని అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు. "ఏంరా, నీకు పూలమాల వేసి పిలవాలనా? ఎక్కు. మీ తాత పక్కన కూర్చో, దారంతా ఆ ఏరు కథ విను. మాకు విని విని చెవులు పోయినాయి."

అతను ఎక్కాడు. దారి నడుమ నిలబడ్డ సత్యరాజ్ పక్కకు జరగలేదు. అతని వెనక ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ఉడుమలైపేట దాటాక అరటిపండొకటి వెనక్కి అందించి, "తిను. పొద్దుననుంచి తినుండవు" అన్నాడు, ఎవరికిచ్చాడో చెప్పకుండా.

ఎండ ఇంకా కొబ్బరాకుల మీద ఉండగానే ఊరు చేరారు. వీధిలో రెండు తలుపులు మూసుకున్నాయి. ఒక తలుపు తెరుచుకుంది. సెల్లమ్మాళ్ ఎటూ చూడలేదు. ఇంటి తాళం తీసి, పీట వాల్చి, పొద్దున వండి వెళ్ళిన కూడు దించింది. కొళంబు పులుసు వెచ్చబెట్టింది. బాలమురుగన్ చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. పక్కన గోడకు తండ్రి ఫోటో ఉంది. దానివైపు ఒకసారి చూసి తల దించుకుని తినసాగాడు. పళ్ళెం ఖాళీ అయింది.

"ఇంకొంచెం పెట్టమ్మా."

ఆమె కుండలోకి చెయ్యి పెట్టింది. అడుగు తగిలింది. కోదండరామన్ పోయినప్పటినుంచీ ఒక్క మనిషికి సరిపడా వేసుకోవడమే ఆమె చేతికి అలవాటైపోయింది.

"లేదు" అంది. అని, అప్పుడే మొదటిసారి ఏడ్చింది.

"పరవాయిల్ల అమ్మా, నిండిపోయింది."

"నోరు ముయ్యి. కూర్చోన్నే ఉండు, లేసినావంటే చూడు." కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, కుండ కడిగి, డబ్బాలోంచి బియ్యం రెండు చేతులా పోసి, పొయ్యి మళ్ళీ రాజేసింది.